పక్క సీటు

మేస్త్రి గారి అల్లుడికి ఆ కారంటే ప్రాణం. కంపెనీ గేటు దాటినప్పుడు అది పదిమంది కార్ల లాంటిదే. ఇతను కొన్నాక దానికి పెద్ద టర్బో పెట్టించాడు, సైలెన్సర్ మార్పించాడు, నేలకు బెత్తెడు ఎత్తుకు దింపించాడు. ఇంజన్ కంప్యూటర్లో లెక్కలన్నీ తిరగరాయించి, ఉన్న బలానికి మరో సగం కలిపించాడు. బూడిదరంగు బండి. వీధి మలుపు తిరుగుతుండగానే మేస్త్రి షెడ్డు రేకులు గలగలమనేవి.

మనిషి మాత్రం బండికి పూర్తిగా ఎదురు. అతను గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. కుళాయిలూ టైల్సూ అమ్మే పెద్ద షోరూంలో మేనేజరు. అత్తారింటికి వస్తే టీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించేవాడు. "ఇలాంటి అల్లుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అని మేస్త్రి భార్య కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది. మేస్త్రి పైకి అనకపోయినా మనసులో అదే అనుకునేవాడు.

ఆ పొద్దున అల్లుడు బండి షెడ్డు ముందు ఆపి దిగాడు. పక్క సీట్లోంచి కూతురు కూడా దిగి, "బాగున్నావా నాన్నా" అని స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె పని కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి, ఎవరి నోటికి తగ్గ పళ్ళు వాళ్ళకి చెక్కుతుంది. దారిలో దింపడానికి తీసుకొచ్చినట్టున్నాడు అనుకున్నాడు మేస్త్రి.

"మిస్ కొడుతోంది మామయ్యా" అన్నాడు అల్లుడు. "మామూలుగా పోతే ఏమీ లేదు, వెన్నలా పోతుంది. కాలు పూర్తిగా నొక్కి, టర్బో అందుకుందనగా దగ్గుతుంది. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు. ఇక అక్కణ్ణుంచి పైకి పోదు."

జబ్బు ఇంత విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. మేస్త్రికి ముచ్చటేసింది. స్కానర్ తగిలించి చూస్తే, ఫలానా సిలిండరని కాకుండా అన్నింట్లోనూ అప్పుడప్పుడూ మంట తప్పుతోందని చూపించింది. ఒక్క సిలిండరైతే ఒక కాయిల్ పోయిందనో, ఒక ఇంజెక్టర్ పోయిందనో అనుకోవచ్చు. నాలుగూ తప్పుతున్నాయంటే, అదీ బరువు పడ్డప్పుడే తప్పుతున్నాయంటే, నాలుగింటికీ ఉమ్మడిది ఏదో ఉండాలి. పెట్రోలు ఒత్తిడి చూశాడు, సరిగ్గానే ఉంది. గాలి గొట్టాలకు చిల్లేమైనా పడిందేమోనని పొగ పట్టించి చూశాడు, ఎక్కడా కారలేదు. ఇక ప్లగ్గులు విప్పుదామంటే పొడుగు పానా కనబడలేదు. కొంతకాలంగా అది కనబడటం లేదు. పక్క షెడ్డువాడే కాజేశాడని వాణ్ణి నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ వాడి దగ్గరికే పోయి వాడి పానా అడిగి తెచ్చుకున్నాడు.

ప్లగ్గులు కొత్తవే. కానీ నడిమి మొనకూ, దానిమీదికి వంగిన కొక్కేనికీ మధ్య సందు ఎక్కువుంది. మామూలు బండికైతే ఆ సందు చెల్లుతుంది. టర్బో గాలిని కూరికూరి నింపే బండిలో చెల్లదు. అంత ఒత్తిడిలో నిప్పురవ్వ అంత దూరం దూకలేక, ఈదురుగాలికి అగ్గిపుల్ల ఆరినట్టు ఆరిపోతుంది.

"ఇదీ సంగతి. ట్యూనింగ్ చేసినవాడు డబ్బాలోంచి తీసినవి తీసినట్టే బిగించేశాడు" అని మేస్త్రి సందులు తగ్గించి బిగించాడు. అల్లుడు ఒక చుట్టు తోలి వచ్చాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ఎగిరిపోతోంది మామయ్యా!"

కూతురు ఒళ్ళో బ్యాగు గట్టిగా పట్టుకుని చూస్తోంది. "పూర్తిగా పోయిందా నాన్నా?" అంది.

"రమ్మన్నా రాదింక" అన్నాడు మేస్త్రి గొప్పగా.

"ఎంత నొక్కినా?"

"ఎంత నొక్కినా."

ఆమె తల ఊపి వెళ్ళి బండెక్కింది. సీటు బెల్టు పెట్టుకుని, సరిగా పడిందో లేదో అని ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుంది. మేస్త్రి అప్పటికే ఇంకో బండి కిందకి దూరాడు.

నెల తిరక్కముందే బూడిదరంగు బండి మళ్ళీ వచ్చింది. ఈసారి అల్లుడు ఒక్కడే. చేతిలో కొత్త ప్లగ్గుల డబ్బా, సందు కొలిచే రేకుల గేజి ఉన్నాయి. గేజి కూడా కొత్తదే, ఇంకా నూనె మరక పడలేదు.

"మళ్ళీ మొదలైంది మామయ్యా. అదే చోట, అదే దగ్గు. ఇంటర్నెట్లో కాస్త చదివాను. సందు దానంతటది ఇంత తొందరగా పెరగదంట కదా?"

"చూద్దాం బాబూ" అన్నాడు మేస్త్రి.

బానెట్ ఎత్తి లైటు వేశాడు. ఇంజన్ నెత్తి మీదంతా దారి దుమ్ము పేరుకుని ఉంది. ప్లగ్గులుండే నాలుగు గుంటల చుట్టూ మాత్రం లేదు. అక్కడ గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచి ఉంది. మేస్త్రి చెయ్యి ఆగింది. ప్లగ్గు విప్పేముందు చుట్టూ తుడవాలి, లేకపోతే మట్టి సిలిండర్లో పడుతుంది. ఈ ముక్క అతను ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పాడో లెక్కలేదు. ఒక్కడూ వినలేదు. విన్నది ఒక్కతే. స్కూలు బట్టలు మార్చుకోకుండానే షెడ్డుకొచ్చి, గేజి రేకులు విసనకర్రలా విప్పుకుంటూ కూర్చునే ఒకే ఒక్క పిల్ల.

ఒక్కొక్క ప్లగ్గే బయటికి తీశాడు. నాలుగింటికీ సందు పెరిగింది. కొక్కెం మీద పటకారు గాటు లేదు, లోపలి పింగాణీకి దెబ్బ లేదు. నాలుగూ ఒకే కొలతలో, వెంట్రుకవాసి తేడా లేకుండా తెరుచుకుని ఉన్నాయి. ఇది ఎవడో ఆకతాయి చేసిన పని కాదు. అలవాటున్న చెయ్యి, ఓపికున్న చెయ్యి, పంటి మీద గీటు పడకుండా రోజంతా పనిచేసే చెయ్యి.

ఎందుకు చేసిందో తెలియలేదు. చేసింది కూతురేనన్నది మాత్రం తన చేతి గీతలంత స్పష్టంగా తెలిసింది.

"సందేనా?" అల్లుడు ఎప్పుడొచ్చాడో, భుజం పక్కనే ఉన్నాడు. ఒక ప్లగ్గు అందుకుని తన గేజితో కొలిచాడు. "మొన్న మీరెంత పెట్టారు?"

"ఇంతే పెట్టుంటాను."

"ఇంతేనా?"

"కళ్ళు మసకేస్తున్నాయి బాబూ. రేకు మీద నంబరు తప్పు చదివుంటాను. పొరపాటు నాదే." ఆ షెడ్డు తెరిచినప్పట్నుంచీ మేస్త్రి ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాలుక మీద చేదు తగిలింది.

"మరి ఆ రోజు బాగానే పోయిందే."

"కొత్తలో పోతుంది. నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక బయటపడుతుంది."

అల్లుడు నవ్వాడు. "మీరు సందు తప్పు పెట్టారంటే ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు మామయ్యా. నేనూ నమ్మను. ఇంటి ముందు పెట్టుకునే బండి, ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఆదివారం కెమెరా బిగించడానికి మనిషి వస్తున్నాడు. తెలిసిపోతుంది లెండి." ఎవరి ఆరోగ్యమో కనుక్కుంటున్నట్టు, అంత మెల్లగా అన్నాడు.

కొత్త ప్లగ్గుల్ని తనే ఒక్కొక్కటీ కొలిచి అందించాడు. మేస్త్రి బిగించక తప్పలేదు. బానెట్ వేశాక అల్లుడు అవతలి తలుపు తీసి పట్టుకున్నాడు.

"కూర్చోండి. మిస్ ఉందో లేదో మీ చెవులతో మీరే విందురుగాని."

మేస్త్రి ఇంతకు ముందు ఆ బండిని తోలాడుగానీ పక్క సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుని కాళ్ళు చాపుకోబోతే కింద చూపు పడింది. మ్యాట్ కొత్తదే. కానీ దాని పైభాగంలో, రెండు పాదాలు ఆనేచోట, రబ్బరు అరిగి కింద గుడ్డ బయటపడింది. బ్రేకు లేని వైపు, బ్రేకు ఉండాల్సిన చోట.

గోదాములు దాటి కాలువ గట్టు రోడ్డెక్కారు. ఒకపక్క ఎత్తు గోడ, ఇంకోపక్క నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. అల్లుడు కాలు నొక్కాడు. టర్బో ఈల వేసింది. బండి ఎక్కడా దగ్గలేదు. సీటు వెనక్కి లాగి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది.

"సరిపోయింది బాబూ. మిస్ లేదు. తగ్గించండి."

బండి ఇంకా పెరిగింది.

"ఎదురుగా లారీ వస్తోంది."

"కనబడుతోంది" అన్నాడు అల్లుడు. స్టీరింగు కొద్దిగా తిప్పాడు. బండి లారీ వచ్చే వైపుకి జరిగి, అక్కడే నిలకడగా పోసాగింది. అతని మొహంలో కోపం లేదు, సరదా లేదు. బిల్లు రాసుకుంటున్నవాడిలా ఉన్నాడు. "మీ అమ్మాయీ ఇంతే మామయ్యా. తగ్గించమంటుంది. ఆ మాట అన్నకొద్దీ నాకు పెంచాలనిపిస్తుంది. ఇప్పుడు తెలిసొచ్చి అనటం మానేసింది."

లారీ హారను మోగుతూనే ఉంది. అప్పుడు గమనించాడు మేస్త్రి, తన రెండు పాదాలూ మ్యాట్‌ని తన్నిపెట్టి ఉన్నాయి. సరిగ్గా ఆ అరిగిన చోటే.

చివరి క్షణంలో బండి ఇవతలికి వచ్చింది. లారీ గాలి దెబ్బకి అద్దాలు వణికాయి. అల్లుడు మెల్లగా బ్రేకు వేశాడు.

"భయపడ్డారా? మీరు బాగుచేసిన బండేగా."

షెడ్డుకి తిరిగొస్తుంటే మేస్త్రి బుర్ర పనిలో ఉన్నప్పటిలా చల్లగా, వరసగా నడుస్తోంది. ఈ మనిషికి మామ అక్కర్లేదు, పెళ్ళాం అక్కర్లేదు. బండి కావాలి. బండి గురించి చెబితే వింటాడు.

"కింద చప్పుడు విన్నారా?" అన్నాడు దిగుతూ.

"ఏం చప్పుడు?"

"లోపల, అడుగున. టకటకమని. మీకు వినపడదులెండి." బండిని లేపి, అడుగు బోల్టు విప్పి నూనె కార్చాడు. అంతకు ముందే గ్రైండరు బల్ల మీద రాలిన ఇనుప పొడిలో వేలు అద్దుకుని వచ్చాడు. వేలు నూనెలో ముంచి వెలుతుర్లో చూపించాడు. సన్నటి మెరుపు. "ఇనుప రజను. రాడ్డు బేరింగు తినేస్తోంది. ఇలాగే తోలితే రాడ్డు విరిగి ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. తర్వాత తూకానికి అమ్ముకోవడమే."

అల్లుడి మొహం మొదటిసారి పాలిపోయింది. బిడ్డకి పెద్దరోగమని విన్నవాడిలా బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"విప్పితేగాని చెప్పలేను. ఇక్కడ వదిలి వెళ్ళండి."

అతను వెళ్ళాక మేస్త్రి షట్టరు సగం దించి, చొక్కా విప్పి పనిలో పడ్డాడు. హెడ్డు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. పిస్టన్లు లాగేశాడు. సాయంత్రం కాకముందే ఆ బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డ ఖాళీ పెట్టె అయింది. అప్పుడు చేతులు కడుక్కుని కూతురి ల్యాబుకి వెళ్ళాడు.

పొడుగాటి గది. బల్లల మీద వరసగా దవడల అచ్చులు. కూతురు మూతికి మాస్కు కట్టుకుని చిన్న గ్రైండరుతో ఒక పన్ను అరగదీస్తోంది. మేస్త్రి పక్కన నిలబడి మెల్లగా అడిగాడు.

"సందు ఎంత పెట్టావమ్మా?"

గ్రైండరు ఆగింది. ఆమె తలెత్తలేదు. "ఒకటి పాయింట్ ఒకటి" అంది. "ఇంకా తెరిస్తే మామూలుగా పోయేటప్పుడు కూడా మిస్ కొడుతుంది. అనుమానం వస్తుందని ఆగాను. నీ పానా నా దగ్గరే ఉంది నాన్నా. బీరువాలో బట్టల కింద."

"ఒక్క మాట చెప్పకపోయావా?"

"ఏమని చెప్పను? కొట్టడు. తిట్టడు. మా ఆయన నన్ను కార్లో షికారుకి తీసుకెళ్తాడని ఫిర్యాదు చెయ్యనా?" మాస్కు కిందకి లాగింది. "ఇంట్లో ఏదో ఒకటి నచ్చదు. తలుపు గట్టిగా వేశాననో, ఫోన్ ఎత్తలేదనో. ఏమీ అనడు. తాళాలు తీసుకుని 'పద, అలా తిరిగొద్దాం' అంటాడు. బండి మిస్ కొడితే మాత్రం చిరాకంతా దాని మీదకి పోయేది. ఆపి బానెట్ ఎత్తి చూసుకుంటూ ఉండిపోయేవాడు. నేను బతికిపోయేదాన్ని."

"మరి నేను బాగుచేసిన రోజు?" అన్నాడు మేస్త్రి.

ఆమె చేతిలోని పన్నుని అచ్చులో పెట్టింది. "ల్యాబుకి తీసుకొస్తానని గట్టు రోడ్డెక్కించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరవమన్నాడు."

"రమ్మన్నా రాదింక" అని తను గొప్పగా అన్న మాట మేస్త్రి చెవుల్లో మోగుతోంది. అతను ఆమె బ్యాగు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఇంటికి పద."

"ఇలాగేనా? బట్టలవీ?"

"ఇలాగే."

తల్లి మొదట నమ్మలేదు. "ఆ అబ్బాయా? ఛ, ఊరుకోండి" అంది. కూతురు మొహం చూశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది. పెట్టి, మళ్ళీ వెళ్ళి చూసుకుంది.

మర్నాడు పొద్దున అల్లుడు వచ్చాడు. ఎప్పట్లాగే ఇస్త్రీ చొక్కా, ఎప్పట్లాగే మెల్లటి గొంతు. కుర్చీలో కూర్చుని ముందు బండి గురించి అడిగాడు. బేరింగులు ఆర్డరు పెట్టారా, పిస్టన్లకి గీతలేమైనా పడ్డాయా అని. అవన్నీ అయ్యాక, "తనకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

కూతురు లోపలి గది గుమ్మంలో నిలబడి, "నేను రాను" అంది.

అతను ఆ మాట వినపడనట్టే టీ పూర్తి చేశాడు. కప్పు కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకుంటూ, "బండి అయ్యాక వస్తాను. అలా తిరుగుతూ మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయాడు. ఆ కప్పుని మేస్త్రి భార్య రెండు వేళ్ళతో ఎత్తి చెత్తబుట్టలో పడేసింది.

పోలీసు స్టేషనులో ఆఫీసరు మంచివాడే, కూర్చోమన్నాడు. "కొట్టాడామ్మా?" అన్నాడు. లేదంది. "దెబ్బలు?" లేవంది. "బండి వేగంగా నడిపాడని కాపురం మీద కేసు రాయమంటారా పెద్దాయనా?" అని మేస్త్రి వైపు చూశాడు. చివరికి ఒక కాగితం రాసుకుని పంపించాడు. లాయరు మాత్రం విడాకులకు దావా వేద్దామంది, టైం పడుతుంది, ఓపిక పట్టండి అంది.

ఆ రోజుల్లోనే మేస్త్రికి ఒక ఆలోచన వచ్చింది. ఇంజన్ మళ్ళీ బిగించి ఇచ్చేస్తే? ఒక్క రాడ్డు బోల్టు కాస్త వదులుగా ఉంటే? నెలో రెండు నెలలో, అదే గట్టు మీద, అంత వేగంలో. ఎవరూ కనిపెట్టలేరు. షెడ్డులో ఒక్కడే ఉన్నప్పుడు ఆ బోల్టుని చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చునేవాడో అతనికే తెలియదు. చేతులకి అది చాలా తేలికైన పని. మనసే దాని చుట్టూ తిరిగి తిరిగి భయపడేది. ఎదురుగా వచ్చే లారీలో కూడా ఎవరో ఒకరుంటారు కదా అనుకున్నాడు. ఆ లారీ హారను గుర్తొచ్చి, బోల్టుని ట్రేలో పడేసి లేచాడు. అల్లుడికి ఫోన్ చేసి, "నా వల్ల కాదు, బండి తీసుకుపొండి" అని చెప్పాడు.

అల్లుడు లాగుడు బండి మాట్లాడుకుని వచ్చాడు. ట్రేలన్నీ నేల మీద పరిపించి, పిస్టన్లు, బోల్టులు, వాషర్లు ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని సరిచూసుకున్నాడు. "ఒక్కటీ తగ్గలేదు. మీరు నిజాయితీపరులు మామయ్యా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ షెడ్డు లోపలి బల్ల వైపు, మేస్త్రి కూతురు చిన్నప్పుడు కూర్చునే చోటు వైపు ఒక్కసారి చూసి నవ్వాడు. ఎవరు తుడిచారో, ఎవరు తెరిచారో అతనికి తెలుసునని మేస్త్రికి అప్పుడు అర్థమయింది.

తర్వాత కొన్ని నెలలు ఏమీ జరగలేదు. కూతురు ల్యాబుకి పోతూ వస్తూ ఉంది. రోడ్డు మీద సైలెన్సర్ మార్పించిన బండి ఏది పోయినా ఆగిపోయి గోడవారగా నిలబడేది. సెలవురోజుల్లో షెడ్డుకొచ్చి పాత కార్బురేటర్లు కడిగేది. తండ్రీ కూతుళ్ళు ఆ విషయం మాట్లాడుకునేవారు కాదు.

అలాంటి ఒక సెలవు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, ఊరికి అవతలి చివర సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాడు. మేస్త్రి చేతులు గ్రీజుతో ఉన్నాయని కూతురు స్పీకర్లో పెట్టింది.

"గురువుగారూ, మీరు విప్పిన బూడిదరంగు బండి ఉంది చూడండి, అది నా దగ్గరికొచ్చింది. ఇంజన్ ఎవరో బాగానే కట్టారు. ఇంకా బలం పెంచాలంటున్నాడాయన. టర్బో ఒత్తిడి పెంచుతున్నా కదా, ప్లగ్గు సందు ఎంత పెట్టమంటారు?"

కూతురు చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది.

"ఆయన ఉన్నాడా అక్కడ?" అన్నాడు మేస్త్రి.

"ఏదో పైపు కావాలని నా బైకు మీద దుకాణానికి పోయాడు. కూడా వచ్చినావిడ ఇక్కడే ఉంది. కొత్తగా తిరుగుతున్నారనుకుంటా."

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె బ్రష్షు కింద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుంది. ఫోన్ తీసుకుంది.

"అన్నా, నేను. ఆవిడకి ఒక్క నిమిషం ఫోన్ ఇవ్వవా?"

అవతల ఏవో అడుగుల చప్పుడు, ఇనుప సామాను చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, "హలో, ఎవరండీ?" అంది.

"నేనెవరో తర్వాత చెప్తాను. ముందు ఒకటి చెప్పండి. ఆయన మీకు దగ్గర్లో ఉన్నాడా?"

ఆ అమ్మాయి అక్కణ్ణుంచి లేచి దూరంగా నడిచినట్టుంది, వెనకాల చప్పుళ్ళు తగ్గిపోయాయి. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు బాగా తగ్గించింది.

"లేడు" అంది. "తొందరగా చెప్పండి."